పసుపు కుంకుమ ఎకరం ఎవరిది?

అమలాపురం దగ్గర పల్లె నుంచి ఒకామె పెళ్ళి ఆల్బం సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. 11 ఏళ్ళ నాటి ఆల్బం. అట్ట ఊడిపోతే తాడుతో కట్టారు. వెంట వాళ్ళ నాన్న, ఆయన చొక్కా జేబులో మనవడి భూతద్దం. కలిసి ఉండే మాట అప్పటికే రెండు వైపులా తెగిపోయింది. ఇంక తేలాల్సింది లెక్క. "అమ్మాయికి ఏమేం పెట్టారండీ?" అని అడిగితే "25 కాసులు పెట్టామండి" అన్నాడాయన. "22 నాన్నా" అంది ఆమె. లిస్టు ఉందా అంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పెళ్ళిలో లిస్టు ఎవరు రాస్తారండీ, బాగోదు కదా!"

ఆ మధ్యాహ్నమంతా ఆల్బం తిరగేస్తూ కూర్చున్నాం. గౌరీపూజ ఫొటోలో నానుతాడు. తలంబ్రాల ఫొటోలో కాసులపేరు, పక్కనే నల్లపూసలు. అప్పగింతల్లో ఎడమ చేతికి వంకీ, కుడి చేతికి ఆరు గాజులు. కొంగు అడ్డం వచ్చి నడుం కనపడలేదు, వడ్డాణం కోసం మళ్ళీ 15 ఫొటోలు వెనక్కి వెళ్ళాం. భూతద్దం పెట్టి చూసుకుంటూ ఒక్కో నగా కాగితం మీదికి ఎక్కించాం: పేరు, ఎవరు చేయించారు, ఎన్ని కాసులు, ఇప్పుడెక్కడుంది. కాసంటే 8 గ్రాములు. సాయంత్రానికి లెక్క 23 కాసులకి తేలింది. "ఇప్పుడెక్కడుంది" అన్న గడి దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది. "14 కాసులు బ్యాంకులో ఉన్నాయండి. దాళవా పెట్టుబడికి పెట్టాం. లోను ఆయన పేరున."

ఇలాంటి కాగితం రాసుకోకుండా విడాకుల సంతకం దాకా వెళ్ళిపోయినవాళ్ళు ఎంత పోగొట్టుకుంటారో చూసి చూసి ఈ అధ్యాయం రాస్తున్నాను. మన దగ్గర ఆస్తి కాగితం వెంట నడుస్తుంది, అప్పు సంతకం వెంట నడుస్తుంది. తప్పు ఎవరిదైనా సరే, ఈ రెండింటి జాడ పట్టుకోనిదే పంపకం ముందుకు కదలదు.

ముందు ఒక అపోహ తీసేయాలి. విడాకులంటే ఉన్నదంతా రెండు ముక్కలు చేసి ఆవిడకి సగం, ఆయనకి సగం ఇస్తారని చాలామంది అనుకుంటారు. అమెరికాలో ఉన్న బంధువుల కబుర్ల నుంచి వచ్చిన నమ్మకం ఇది. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఆ పద్ధతి ఉంది. మన దేశంలో గోవాలో పోర్చుగీసు కాలం నాటి చట్టం వల్ల దంపతుల ఉమ్మడి ఆస్తి అనే లెక్క ఉంది. గోదావరి జిల్లాల్లో పెళ్ళయిన హిందూ దంపతులకి వర్తించే 1955 నాటి హిందూ వివాహ చట్టంలో సగం అన్న మాటే లేదు. ఎవరి పేరున ఉన్నది వారిది. భార్య తనదైన స్త్రీధనాన్ని తను తీసుకెళుతుంది. ఉమ్మడి పేర్లున్నవాటిలో వాటా తేల్చుకుంటుంది. అవి చాలకపోతే భర్త సంపాదననీ ఆస్తినీ చూసి కోర్టు భరణం నిర్ణయిస్తుంది. క్రైస్తవులకీ ముస్లింలకీ చట్టాలు వేరు. కానీ బంగారం, బ్యాంకు, దస్తావేజుల గురించి ఇక్కడ చెప్పేవి చాలావరకు వాళ్ళకీ పనికొస్తాయి.

ఇక బంగారం సంగతి. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పెళ్ళిలో ఆడపిల్లకి పెట్టిన నగలూ వస్తువులూ ఆమె సొంతం, స్త్రీధనమంటే అవే. అవి అత్తగారి బీరువాలో ఉన్నా భర్త లాకర్లో ఉన్నా, వాళ్ళ దగ్గర నమ్మకంగా ఉంచినవే తప్ప వాళ్ళవి అయిపోవు. అడిగినా ఇవ్వకపోతే అది నమ్మకద్రోహం కింద నేరం కూడా. అత్తవారు పెట్టిన నగలూ, భర్త తరవాత చేయించి ఇచ్చినవీ ఈ లెక్కలోకే వస్తాయి. అల్లుడికి పెట్టిన ఉంగరం, గొలుసు అల్లుడివి. వాటిని అడక్కండి. న్యాయంగా అడగాల్సిన వాటి బలం అక్కడే తగ్గిపోతుంది.

చాలామంది తండ్రులకి కష్టంగా వినిపించే మాట ఇంకోటుంది. ఆ నగలు అమ్మాయివి, అమ్మాయి తండ్రివి కావు. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆ కూతురికి 1999లో పెళ్ళయింది. 2016లో అమెరికాలో ఇద్దరూ లెక్కలు తేల్చుకునే విడిపోయారు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆ తరవాత ఆమె తండ్రి పెళ్ళిలో పెట్టిన 40 కాసుల బంగారం తిరిగిమ్మని మాజీ వియ్యాలవారి మీద కేసు పెట్టాడు. కూతురు అడగలేదు, తండ్రికి అధికారం కూడా రాసివ్వలేదు. కేసు కొట్టేశారు. తండ్రి ప్రేమను తప్పు పట్టడానికి లేదు. కానీ అడగాల్సింది ఆమె. మీరు అమ్మాయి తరఫున మాట్లాడుతున్నట్టయితే మొదట ఆమెను కూర్చోబెట్టి, ఏది కావాలో ఏది వద్దో ఆమె నోటితో చెప్పించుకోండి.

లిస్టు రాయడం బాగోదన్నాడే ఆ తండ్రి, నిజానికి చట్టం అదే రాయమంటోంది. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనల ప్రకారం వధువుకి వచ్చిన కానుకలకొక జాబితా, వరుడికి వచ్చినవాటికొక జాబితా పెళ్ళినాడో, ఆ తరవాత వీలైనంత త్వరగానో రాయాలి. వస్తువు, ఉజ్జాయింపు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం ఉండాలి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. సారె కావిడిలో ఎన్ని కాజాలు, ఎన్ని అరిసెలు వెళ్ళాయో నోటుపుస్తకంలో రాసుకునే ఇళ్ళలో నగల జాబితా మాత్రం ఉండదు. లేకపోయినా దారి లేకపోలేదు. ఆల్బం, వీడియో, నగల కొట్టు బిల్లులు, తూకం చీటీలు, బ్యాంకులో తాకట్టు పెట్టినప్పటి రసీదులు అన్నీ సాక్ష్యాలే. తాకట్టు రసీదు మరీ మంచి సాక్ష్యం. అందులో నగ పేరూ, బరువూ బ్యాంకు అప్రైజరు తూచి రాసి ఉంటుంది.

కానీ ఆ రసీదే పెద్ద చిక్కు కూడా. డెల్టాలో సార్వాకీ దాళవాకీ పెట్టుబడి ఆడవాళ్ళ మెడలోంచి వస్తుంది. నగ ఆమెది, లోను ఆయన పేరున. అప్పు తీరిస్తే బ్యాంకు నగను లోను ఎవరి పేరున ఉందో వారి చేతికే ఇస్తుంది. తీర్చకపోతే నోటీసులిచ్చి వేలం వేస్తుంది. మీరు పుట్టింట్లో కూర్చుని బాధపడుతున్న నెలల్లోనే మీ కాసులపేరు వేలానికి వెళ్ళిపోవచ్చు, నోటీసు వెళ్ళేదేమో ఆయన చిరునామాకి. అందుకే వేరుపడాలని తేలిన వారంలోనే రసీదు నంబరు, బ్రాంచి పేరు, గడువు తేదీ రాసి పెట్టుకోండి. ఆ నగలు నావి, తగాదా నడుస్తోంది, నాకు తెలియకుండా ఇవ్వొద్దు అని మేనేజరుకి రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఆ ఉత్తరం బ్యాంకును కట్టిపడేయదు, అందుకు కోర్టు ఉత్తర్వు కావాలి. కానీ రేపు కోర్టులో "ఆ నగలు ఏనాడో ఇచ్చేశాను" అనే మాటకి అది గట్టి అడ్డు.

ఇప్పుడు భూమి. పసుపు కుంకుమ కింద ఎకరమో, అరెకరమో, ఊళ్ళో పది సెంట్ల స్థలమో ఇవ్వడం మన జిల్లాల్లో తరతరాల మర్యాద. వియ్యాలవారి ముందు మాట ఇస్తారు, కౌలు డబ్బులు కూతురికి పంపుతుంటారు, ఊరంతా "అది వాళ్ళమ్మాయి చేను" అంటారు. చట్టం దగ్గరికొచ్చేసరికి ఒకే ప్రశ్న: రిజిస్టరయిందా? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. తెల్ల కాగితం మీద రాసిన పసుపు కుంకుమ పత్రం హక్కును బదిలీ చేయదు.

కూతురి పేరున రిజిస్టరయి ఉంటే ఇంక మాట్లాడాల్సిందేమీ లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద అది పూర్తిగా ఆమెది. ఆ చేను భర్త పాతికేళ్ళు దున్నినా, దాని మీద క్రాప్ లోను తీసుకున్నా అతనిది కాదు. నోటిమాట మీదే ఉండిపోయిన ఎకరమైతే ఇంకా తండ్రి పేరునే ఉంటుంది, విడాకుల పంపకంలోకి రాదు. అల్లుడికి పోలేదు కదా అని తండ్రి ఊపిరి పీల్చుకుంటాడు. కానీ అప్పుడు అమ్మాయికీ లేనట్టే. అన్నదమ్ములు మనసు మార్చుకోకముందే ఆయన చేత రిజిస్టరు చేయించుకోవాలి. ఇంటికి తిరిగొచ్చిన కూతురికి ఎకరం రాయడానికి చేతులు రాని తండ్రుల్ని చూశాను. పెళ్ళినాడు పదిమందిలో ఇచ్చిన మాటే అది, కొత్తగా పెడుతున్నది కాదు.

చిక్కంతా అల్లుడి పేరున రాసిన ఎకరంతోనే. "మా అల్లుడు బంగారం, ఇద్దరూ ఒకటే కదా" అని అతని పేరునే రిజిస్టరు చేసినవాళ్ళు ఉన్నారు. అలాంటి చోట వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ చూపించండి. కట్నం కింద ఇచ్చినది భార్య కాక వేరెవరు పుచ్చుకున్నా, 3 నెలల్లోగా ఆమెకు బదిలీ చేయాలి. అప్పటిదాకా ఆమె తరఫున ధర్మకర్తగా ఉంచుకోవాలి. అయితే అది కట్నంగా ఇచ్చిందే అని నిరూపించాలి, ఇవ్వడమూ నేరమే కాబట్టి తండ్రి ఆ మాట చెప్పడానికి జంకుతాడు. ఈ కేసుల్లో అనుభవం ఉన్న వకీలు లేకుండా అడుగు వేయొద్దు.

అత్తవారి భూమి విషయంలో ఆశ పెట్టుకుని ఏళ్ళు పోగొట్టుకోవద్దు. మావయ్యగారి పేరున ఉన్న ఐదెకరాల కొబ్బరితోటలో కోడలికి విడాకుల వల్ల వాటా రాదు. కానీ పిల్లల సంగతి వేరు. అది పిత్రార్జితమైతే మనవడికీ మనవరాలికీ పుట్టుకతో హక్కు ఉంటుంది. ఆడపిల్లల హక్కును మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే అమలులోకి తెచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. తల్లిదండ్రులు విడిపోయినంత మాత్రాన ఆ హక్కు ఎక్కడికీ పోదు. రాజీపత్రంలో "ఇకపై పిల్లలకి కూడా ఎలాంటి హక్కూ లేదు" అన్న వాక్యం కనిపిస్తే అక్కడే పెన్ను కింద పెట్టేయండి. పిల్లల హక్కుని వదులుకునే అధికారం తల్లికి లేదు.

కోనసీమ నుంచీ, పశ్చిమ గోదావరి నుంచీ కువైట్‌కీ మస్కట్‌కీ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ కోసం ఒక మాట విడిగా రాయాలి. వాళ్ళు పంపిన డబ్బుతో ఊళ్ళో మేడలు లేచాయి. స్థలం అత్తగారిది, ఇసుకా సిమెంటూ కోడలి చెమట. విడిపోయే రోజు వచ్చేసరికి ఇల్లు స్థలంతో పాటు అత్తగారిదవుతుంది. ఎనిమిదేళ్ళు పరాయి దేశంలో అంట్లు తోమి కట్టిన ఇంటి గడప ముందు నిలబడి, లోపలికి రావడానికి అనుమతి అడగాల్సిన స్థితి ఎంత దారుణమో నేను వేరే చెప్పక్కర్లేదు. ఇంకా విడిపోని వాళ్ళకి నేను చెప్పేది, గోడ లేవకముందే ఆ స్థలాన్ని మీ పేరున గిఫ్టు రిజిస్టరు చేయించుకోండి. ఇప్పటికే విడిపోతున్నవాళ్ళు పంపిన ప్రతి రూపాయికీ బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. ఇంటి మీద హక్కు కాకపోయినా, పెట్టిన డబ్బు కింద ఇంతని రాజీలో రాయించుకోవడానికి అదే ఆధారం. 2005 నాటి గృహహింస చట్టం కింద కాపురం ఉన్న ఇంట్లో నివసించే హక్కు అడగొచ్చు. ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నా అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఉండే హక్కే కానీ సొంతదారు హక్కు కాదు.

మగవాళ్ళకీ దీనికి ఎదురు సమస్య ఉంది. రాజమండ్రిలో ఫ్లాటు భార్య పేరున కొని, వాయిదాలన్నీ భర్త కట్టి ఉంటాడు. దస్తావేజు మీద పేరు ఆమెదైతే ఫ్లాటు ఆమెదేననే కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించే భారం భర్త మీద పడుతుంది. ఎవరి డబ్బు, ఏ ఉద్దేశంతో కొన్నది, దస్తావేజు ఎవరి దగ్గర ఉంది అన్నీ చూస్తారు. రెండు పేర్లూ ఉంటే ఎవరి వాటా వారిది. ఆ వాటాల తగాదాను 1984 చట్టం కింద ఏర్పడ్డ ఫ్యామిలీ కోర్టే వినగలదు.

ఆస్తి కంటే అప్పుల దగ్గరే నాకు ఎక్కువ భయం. ఆస్తి కోసం రెండు వైపులా పోట్లాడతారు, అప్పు గురించి ఎవరూ నోరెత్తరు. విడాకులొచ్చిన రెండేళ్ళకి బ్యాంకు నోటీసు వచ్చినప్పుడు ఆమెకి గుర్తొస్తుంది, ఇంటి లోను మీద తను కూడా సంతకం పెట్టానని. బ్యాంకుకి మీ విడాకులతో పని లేదు. "ఇంటి అప్పు భర్తే కట్టుకోవాలి" అని డిక్రీలో ఉన్నా సరే, కో-అప్లికెంటుగా సంతకం ఉన్నంతకాలం మొత్తం బాకీ మీ దగ్గరే వసూలు చేసుకోవచ్చు. జామీను సంతకానికీ అంతే. ఆయన వాయిదా తప్పితే మీ సిబిల్ స్కోరు పడుతుంది, రేపు పిల్లాడి చదువు లోను ఆగుతుంది. కాబట్టి ఉమ్మడి లోను తీర్చేసి ఇల్లు అమ్మి మిగిలింది పంచుకోవాలి, లేదా ఇల్లు ఉంచుకునేవాళ్ళు ఆ లోనును తమ ఒక్కరి పేరున మార్పించుకోవాలి. రెండో పని బ్యాంకు ఒప్పుకుంటేనే జరుగుతుంది. కాబట్టి బ్యాంకు ఒప్పుకున్నట్టు ఉత్తరం చేతికొచ్చాకే ఇంటి హక్కు వదిలే సంతకం పెట్టండి.

ఊళ్ళో అప్పులు ఇంకో రకం. ప్రామిసరీ నోటు, చీటీపాట, ధాన్యం కొట్టులో బాకీ, భీమవరం వైపైతే లీజు చెరువుకి మేత డీలరు దగ్గర బాకీ. రొయ్య దెబ్బతిన్న ఏడాది ఒక్క చెరువు మీద అప్పే జీవితకాలం సరిపోతుంది. ఈ అప్పుల్లో ఆమె పేరు లేకపోతే ఆమెకి బాధ్యత లేదు. భర్త చేసిన అప్పు భార్య తీర్చాలన్న చట్టం లేదు. కానీ నోటు మీద ఆమె సంతకం ఉంటే, డబ్బు ముట్టిందనే కోర్టు ముందుగా అనుకుంటుంది. నోటు రాసిన నాటి నుంచి 3 ఏళ్ళలోగా దావా వేయాలి. ఆ గడువు దాటకముందే కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే గడువు మళ్ళీ మొదటి నుంచి లెక్క. అందుకే మీరెక్కడెక్కడ సంతకాలు పెట్టారో జ్ఞాపకం చేసుకుని రాయండి. "ఖాళీ నోటు మీద పెట్టమన్నారండి, పెట్టాను" అనేవి ముఖ్యంగా. తీరిన నోటుని వెనక్కి తీసుకుని, ఆ కాగితం మీదే తీరిందని రాయించుకోండి.

డ్వాక్రా అప్పుది విచిత్రమైన దారి. సంఘం ఆమెది, స్త్రీనిధి లోను ఆమె పేరున, డబ్బు మాత్రం అతని ట్రాక్టరు రిపేరుకో ఆడపడుచు పెళ్ళికో వెళ్ళిపోతుంది. కాపురం పోయినా కిస్తు ఆగదు, ఆగితే పదిమంది సభ్యులూ ఆమె గుమ్మం ముందుకే వస్తారు. డబ్బు భర్త ఖాతాకి వెళ్ళిన ఎంట్రీ పాస్‌బుక్‌లో దొరికితే, మిగిలిన కిస్తులు అతను కట్టాలని రాజీలో రాయించండి. రోజువారీ కూలికి వెళ్ళే ఆడమనిషికి ఇది నగల కంటే ముఖ్యమైన షరతు.

దొంగ నోట్ల సంగతీ చెప్పాలి. భరణం తగ్గించుకోవడానికి పాత తేదీలతో బంధువుల పేర నోట్లు పుట్టించడం, చేను అన్నదమ్ముల పేరున మార్చేయడం జరుగుతూనే ఉంటాయి. దీనికి విరుగుడు 2020 నవంబరులో సుప్రీంకోర్టు రజనీష్, నేహా దంపతుల కేసులో ఇచ్చింది. భరణం అడిగే ప్రతి కేసులోనూ ఇద్దరూ తమ ఆస్తులూ అప్పులూ సంపాదనా ప్రమాణపత్రంలో దాఖలు చేయాలి. వ్యవసాయదారులకి ప్రత్యేకంగా ఒక నమూనా కూడా ఉంది. ఎంత భూమి, మాగాణా మెట్టా, ఏం పండుతోంది, గత మూడేళ్ళ రాబడి, కౌలుకి తీసుకున్నది, పశువులు, అప్పులు అన్నీ అందులో రాయాలి. అందులో అబద్ధం రాయడం కోర్టుకి అబద్ధం చెప్పడమే. ఆయన ఏం రాస్తారో తెలియకముందే మీరు మీభూమిలో 1బి, అడంగల్ తీయండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయండి. గొడవ మొదలైన తేదీ తరవాత జరిగిన ప్రతి రిజిస్ట్రేషనూ ఈసీలో కనిపిస్తుంది. భరణం కేసు వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలని కూడా ఆ తీర్పే చెప్పింది. కాబట్టి పెద్దమనుషుల వాయిదాల మీద వాయిదాలకి తిరుగుతూ ఏడాది గడపడం వల్ల పోయేది మీ డబ్బే.

పెద్దమనుషుల్ని నేను చిన్నచూపు చూడటం లేదు. కోపాలు చల్లార్చి ఇద్దర్నీ ఒక చోట కూర్చోబెట్టడంలో వాళ్ళ విలువ వాళ్ళదే. కానీ రామాలయం అరుగు మీద వంద రూపాయల స్టాంపు కాగితం రాసుకుని తెగతెంపులంటే, ఆ కులంలో ఆచారం ఉందని రుజువైతే తప్ప అది విడాకులు కాదు. ఆ కాగితం చూసి మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాళ్ళు పెద్ద చిక్కుల్లో పడ్డారు. అరుగు మీద కుదిరిన లెక్కని కోర్టుకి తీసుకెళ్ళండి. పరస్పర అంగీకారంతో హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పిటిషన్ వేస్తే మామూలుగా 6 నెలల ఎడం ఉంటుంది. 2017 నుంచి తగిన సందర్భాల్లో కోర్టు దాన్ని తగ్గిస్తోంది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి డబ్బు మొత్తం ముందే ఇచ్చేయొద్దు, మొత్తం చివరికీ వదలొద్దు. కొంత మొదటి మోషన్‌కి, మిగిలింది రెండో మోషన్ రోజు జడ్జిగారి ముందు డీడీగా ఇచ్చిపుచ్చుకునేలా రాసుకోవడం రెండు వైపులా క్షేమం.

భూమో ఇల్లో చేతులు మారుతుంటే సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులతో పిటిషన్ షెడ్యూల్లో చేర్చండి. కేసులో లేని స్థిరాస్తిని రాజీలో మాత్రమే రాస్తే ఆ డిక్రీని మళ్ళీ రిజిస్టరు చేయించాల్సి వస్తుంది. దస్తావేజు ద్వారానే ఇచ్చేట్టయితే డిక్రీకి ముందే చేయించండి. కుటుంబ సభ్యుల మధ్య గిఫ్టుకి స్టాంపు డ్యూటీ తక్కువ, విడాకులయ్యాక మీరిద్దరూ కుటుంబ సభ్యులు కారు. భూమి లంకలో ఉన్నా, ప్రభుత్వం ఇచ్చిన పట్టా అయినా నిషేధిత జాబితాలో ఉందేమో ముందే చూడండి. అన్నదమ్ముల మధ్య కొలతలు కాని ఉమ్మడి చేనులో "ఎకరం ఇస్తాం" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ ఎకరం ఎక్కడుందో తేలడానికి ఇంకో పదేళ్ళ దావా పడుతుంది. దానికంటే తక్కువైనా డబ్బు తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

భరణం నెలనెలానా, ఒకేసారా అన్నది మనిషిని బట్టి. ఉద్యోగస్థుడైతే నెలనెలా జీతంలోంచి వస్తుంది. చెరువుల మీదా తోటల మీదా బతికేవాడి దగ్గర ఒకేసారి తీసుకోవడమే నయం. నెలనెలా ఒప్పుకుంటే, అదే హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద ఆ మొత్తాన్ని అతని స్థిరాస్తి మీద చార్జీగా వేయమని అడగండి. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే భరణాన్ని కోర్టు ఆపవచ్చు. స్త్రీధనమూ, ఆమె పేరున రిజిస్టరయిన ఆస్తీ మాత్రం ఎక్కడికీ పోవు. ఇది చిన్న మార్పు కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించే నాటికి, మళ్ళీ పెళ్ళాడిన వితంతువు మొదటి భర్త ఆస్తి మీద హక్కు వదులుకోవాలని 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టంలోనే రాసి ఉంది. "మళ్ళీ పెళ్ళంటే నా నగలు పోతాయా అండీ?" అని ఇప్పటికీ అడుగుతారు. పోవు.

బీమా, పీఎఫ్, డిపాజిట్లలో నామినీ పేర్లు మార్చుకోవడం ఒక పూట పని, మర్చిపోకండి. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకున్న పాలసీ మాత్రం భార్యాపిల్లలదే, దాన్ని భర్త మార్చలేడు. అమెరికాలో విడాకులు తీసుకుంటున్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. తిరుపతిలో పెళ్ళయిన ఒక జంటలో భర్త మిస్సోరి కోర్టులో తెచ్చుకున్న డిక్రీని 1991లో మన సుప్రీంకోర్టు చెల్లదంది. పెళ్ళి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద కావాలి, లేదా రెండో పక్షం మనస్ఫూర్తిగా ఆ కోర్టుకి ఒప్పుకుని ఉండాలి. రావులపాలెంలో ఉన్న తోట పేరు మారాలంటే మాత్రం ఇక్కడి దస్తావేజో ఇక్కడి కోర్టో కావాల్సిందే.

వకీలుకి ఇచ్చుకోలేని ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కి ఫోన్ చేయొచ్చు, లేదా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్ళొచ్చు. వెళ్ళేటప్పుడు మీరు రాసుకున్న ఆ కాగితం పట్టుకెళ్ళండి.

భూతద్దంతో రాసిన కాగితం కథ బ్యాంకులో ముగిసింది. రాజీలో మొదటి షరతుగా తాకట్టు విడిపించడమే పెట్టించాం. అతను దాళవా ధాన్యం డబ్బులు తెచ్చి వడ్డీతో సహా కట్టాడు. క్లర్కు గుడ్డ సంచి లక్క విరగ్గొట్టి నగలు ట్రేలో పోశాడు. అప్రైజరు ఒక్కోటీ తూస్తుంటే ఆమె కాగితంలో టిక్కు పెట్టుకుంటూ వచ్చింది: నానుతాడు, కాసులపేరు, వంకీ, గాజులు ఆరు. అన్నీ తేలాక ట్రేలో ఒక జత మురుగులు మిగిలాయి. లిస్టులో లేవు.

"ఇవి అత్తయ్యగారివండి" అని వాటిని అతని వైపు జరిపింది. అతను జేబురుమాల్లో చుట్టుకున్నాడు. అప్పగింత రసీదు మీద ఇద్దరూ సంతకాలు పెట్టేముందు, ఆ మురుగుల్ని కూడా అందులో బరువుతో సహా రాయించాను.